ఘంటసాల వెంకటేశ్వరరావు

ఘంటసాల వెంకటేశ్వరరావు (1922 డిసెంబరు 4 - 1974 ఫిబ్రవరి 11) తెలుగు చలనచిత్ర నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు. గాయకుడిగా ఆయన కీర్తి అందరికీ తెలిసినదే. పాటలో గొంతుకు, వాద్యాలకు మధ్య పాళ్ళు కుదర్చడంలో ఆయన చూపిన నేర్పు మాత్రం తక్కువగా ప్రస్తావనకు వస్తుంది. గాయకులు, వాద్యబృందం కలిసి ఒకేసారి, ఒకే ట్రాకుపై రికార్డు చేయవలసిన కాలం అది. వీణ ఎక్కువై మాట మునిగిపోతే ఆ తరువాత వీణను మాత్రమే తగ్గించే వీలు లేదు. పాటంతా మళ్ళీ పాడవలసిందే.

బాల్యం, విద్య

ఘంటసాల కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో జన్మించాడు. తండ్రి సూరయ్య నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు. పసితనంలో ఘంటసాల ఆ పాటలకు నృత్యం చేసేవాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు. కొడుకు సంగీత విద్వాంసుడు కావాలన్న తండ్రి కోరిక తీర్చడానికి విజయనగరం వెళ్ళి, పట్రాయని సీతారామశాస్త్రి వద్ద శిష్యరికం చేశాడు. ఆకలికి వారాలు చేసుకుంటూ, మధుకరం ఎత్తుకుంటూ అక్కడి సంగీత కళాశాలలో చదువు పూర్తిచేశాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళాడు. 1944లో సావిత్రితో వివాహం జరిగింది. ఆ తరువాత సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరాడు.

రేడియో, తొలి చిత్రాలు

మద్రాసులో తొలి రోజులు కష్టంగానే గడిచాయి. చిత్రాలలో బృందగానాలు పాడుతూ, చిన్న వేషాలు వేస్తూ, ఆకాశవాణిలో పాడే అవకాశం సంపాదించుకున్నాడు. నిడదవోలులో జన్మించిన స్వరకర్త బాలాంత్రపు రజనీకాంతరావు 1941 నుండి ఆ మద్రాసు కేంద్రంలోనే పనిచేస్తుండేవాడు. ఆనాటి రేడియో సంగీతం చాలావరకు ప్రత్యక్ష ప్రసారం. మీడియం వేవ్‌లో హెచ్చు శ్రుతుల మెరుగు శ్రోతకు చేరేలోగా చాలావరకు పోతుంది. మిగిలేది మధ్యస్థాయి మాత్రమే, అంటే మనిషి మాట ఉండే చోటు. లలితగీతాలలో వాద్యాలు పలుచగా ఉండడానికి అభిరుచితోపాటు ఇది కూడా ఒక కారణమే.

1949లో మనదేశం, కీలుగుర్రం చిత్రాలకు సంగీత దర్శకత్వం వహించాడు. 1951లో పాతాళభైరవి విజయంతో ఆయన పేరు ఆంధ్రదేశమంతటా మారుమోగింది.

రికార్డింగు పద్ధతి

1950ల ఆరంభం వరకు సినిమా పాటలను ఫిలిం మీదనే కాంతిరేఖలుగా ముద్రించేవారు. క్రమంగా మాగ్నెటిక్ టేపు వచ్చింది. ఫిలిం మీది శబ్దానికి హద్దులు ఇరుకు. స్వరం మరీ తగ్గితే ఫిలిం చేసే బుసలో కలిసిపోతుంది, మరీ హెచ్చితే బీటలు వారుతుంది. పైగా పాటను సంభాషణలతో, ఇతర శబ్దాలతో కలిపి రీరికార్డింగు చేసినప్పుడు నకలు మీద నకలు తీయడం వలన స్పష్టత మరికొంత తగ్గేది. అందువలన పాళ్ళు కుదర్చడం స్టూడియోలో మనుషుల అమరికతోనే జరిగేది. గాయకుడు మైకుకు దగ్గరగాను, వయొలిన్లు ఎడంగాను, డోలు వంటి బలమైన వాద్యాలు ఇంకా దూరంగాను కూర్చునేవారు. అంతకుముందే స్వరకర్త కాగితం మీద సగం పని ముగించాలి. పల్లవి పాడుతున్నప్పుడు ఏ వాద్యం ఊరుకోవాలో తెలియని స్వరకర్తకు ఎంత మంచి శబ్దగ్రాహకుడున్నా ప్రయోజనం లేదు.

ఘంటసాల బలం ఇక్కడే. ఆయన పాటలలో సాధారణంగా చరణం నడుస్తున్నంతసేపు వాద్యాలు వెనుకకు తగ్గి, గొంతు ఊపిరి తీసుకునే విరామంలో ముందుకు వస్తాయి. మాయాబజార్ (1957) చిత్రానికి సాలూరి రాజేశ్వరరావు నాలుగు బాణీలు కట్టి తప్పుకోగా, వాటికి వాద్యగోష్ఠి సమకూర్చి రికార్డు చేసినది ఘంటసాలయే. మిగిలిన సంగీతమంతా ఆయనదే. ఎవరి బాణీ ఎక్కడ ముగిసిందో వినేవారికి తెలియకపోవడం ఆ పనితనానికి కొలమానం. లవకుశ (1963)లో మరొక చిక్కు ఉంది. పి.లీల, పి.సుశీల కలిసి పాడిన పాటలలో రెండు స్త్రీ కంఠాలు కవల సోదరుల గొంతులుగా సమానంగా వినిపించాలి. ఒకటి రెండవదానికి తోడు గానం అనిపించకూడదు. ఆ పాటలలో సమతూకం ఎక్కడా చెదరలేదు.

పద్యగానం

రంగస్థల నటులు మైకు లేకుండా చివరి వరుసకు వినిపించేలా పద్యాన్ని హెచ్చు శ్రుతిలో ఎత్తుకుని, దీర్ఘమైన రాగాలాపనతో ముగించేవారు. ఆ పద్ధతిని అలాగే మైకు ముందుకు తెస్తే మాట అదిరి, అర్థం చెదిరేది. ఘంటసాల రాగాన్ని కుదించి, సమాసాన్ని భావానుసారంగా విరిచి, స్థాయి ఒక్కసారిగా ఎగిరిపోకుండా పద్యాన్ని మైకుకు అనువుగా మలచాడు. కరుణశ్రీ రచించిన పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలు గ్రామఫోను రికార్డులుగా ఇంటింటికీ చేరాయి. 78 తిరుగుళ్ళ రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు కొంచెం ఎక్కువ. ఆ కొద్దిపాటి వ్యవధిలో ఒక్క మాటైనా వృథా కావడానికి వీలులేదు.

పాట స్టూడియోలో బాగుంటే చాలదు. అదే పాట పట్నంలోని పెద్ద హాలులోను, డేరా టాకీసులోను, కీ ఇచ్చే గ్రామఫోనులోను, నిడదవోలు, తణుకు వంటి డెల్టా ఊళ్ళలో పెళ్ళిపందిరి మీద కట్టిన రేకు హారన్‌లోను నిలబడాలి. హారన్‌లో మంద్రమూ ఉండదు, సన్నని మెరుగూ ఉండదు. ఉచ్చారణ మీద ఆధారపడిన పాట అక్కడా బతుకుతుంది, వాద్యాల నిండుతనం మీద ఆధారపడినది గోలగా మారుతుంది.

చివరి సంవత్సరాలు

1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. 1971లో ఐరోపా, అమెరికాలలో పర్యటించాడు. ఆ తరువాత గుండెజబ్బు, మధుమేహం ఆయనను కుంగదీశాయి. ఆ స్థితిలోనే హెచ్.ఎం.వి. సంస్థకు భగవద్గీత శ్లోకాలను ఆలపించాడు. ఒక్కొక్క శ్లోకం పాడి, వెనువెంటనే తెలుగు తాత్పర్యాన్ని తానే వచనంగా చెప్పాడు. పాడే గొంతుకు, పలికే గొంతుకు సహజంగా స్థాయిభేదం ఉంటుంది. వినేవారు మాటిమాటికీ శబ్దం పెంచుకోవలసిన, తగ్గించుకోవలసిన పని లేకుండా రెండూ ఇక్కడ ఒకే తీరున సాగుతాయి. 1974 ఫిబ్రవరి 11న ఆయన మద్రాసులో మరణించాడు. రికార్డు ఆయన మరణానంతరం విడుదలైంది. గుడి మైకులలోను, అంతిమయాత్రలలోను ఆ గీత తెలుగునాట నేటికీ వినిపిస్తుంది.

మాయాబజార్‌ను 2010లో రంగులలోకి మార్చి, డి.టి.ఎస్. శబ్దంతో మళ్ళీ విడుదల చేశారు. 2003 ఫిబ్రవరి 11న భారత తపాలా శాఖ ఘంటసాల స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.