ఊరికి పండుగ, ఇంటికి పస్తు

జనవరి 20 పునీత సెబస్తియాను గారి పండుగ. బాణాల దెబ్బలు తిన్న ఆ వేదసాక్షి బ్రెజిల్ దేశంలోని రియో దె జనేరో మహానగరానికి పాలక పునీతుడు. ఆ రోజు నగరమంతా సెలవు. గుళ్లలో దివ్యబలిపూజలు, వీధుల్లో స్వరూపాల ఊరేగింపులు. 1983లో ఆ పండుగనాడు తెల్లవారకముందే ఆ నగరంలోని ఒక ఆసుపత్రిలో నలభై తొమ్మిదేళ్ల మనిషి ఒకడు కన్నుమూశాడు. తాగి తాగి స్పృహ తప్పిన స్థితిలో ముందురోజు తెచ్చి పడుకోబెట్టారు. మళ్లీ కళ్లు తెరవలేదు. వార్త తెలిశాక అతని శవపేటికను మరకానా క్రీడామైదానానికి తెచ్చారు. వేలాది జనం వరుస కట్టి ఏడ్చారు. అక్కడినుంచి పుట్టిన ఊరికి అగ్నిమాపక వాహనం మీద తీసుకువెళ్తుంటే దారి పొడవునా మనుషులే.

అతని జ్ఞానస్నానపు పేరు మనుయేల్. మన ఇమ్మానుయేలే. ఇంటిపేరు దోస్ సాంతోస్, అంటే పునీతుల వాడని అర్థం. లోకానికి మాత్రం అతడు గరించా. అది వాళ్ల ప్రాంతంలో తిరిగే ఒక చిన్న పిట్ట పేరు. పిల్లవాడు మరీ చిన్నగా ఉన్నాడని అక్క ఆ పేరు పెట్టిందట. పెద్దయ్యాక కూడా అడవిలో పిట్టలు పట్టడమంటే అతనికి ప్రాణం.

1933 అక్టోబరులో గరించా పుట్టిన ఊరు పావ్ గ్రాండె. రియోకు ఉత్తరాన, కొండల అడుగున ఉంటుంది. మన నంద్యాల, ఆళ్లగడ్డ వాళ్లకు పత్తి అంటే నల్లరేగడి పొలం గుర్తుకొస్తుంది. పావ్ గ్రాండెలో పత్తి అంటే మిల్లు. కాపురముండే ఇళ్లు మిల్లువే, ఊరి ఫుట్‌బాల్ జట్టూ మిల్లుదే. తండ్రి అక్కడే కాపలాదారు. తాగుబోతు. చెరకు రసం నుంచి తీసే కషాసా అనే సారా ఆ ఊళ్లలో నీళ్లలా దొరికేది. పసిపిల్లలకు నలత చేస్తే తేనె, దాల్చినచెక్క కలిపి అదే కాస్త పట్టించే అలవాటు కూడా ఉండేదట. గరించా ఎప్పుడు తాగుడు మొదలుపెట్టాడని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

పుట్టుకతోనే అతని కాళ్లు వంకర. కుడి మోకాలు లోపలికి వంగి ఉండేది, ఎడమ కాలు బయటికి వంగి ఉండేది. పైగా ఎడమది కొంచెం పొట్టి. పక్కనుంచి ఎవరో గట్టిగా నెడితే రెండు కాళ్లూ ఒకే వైపుకు ఒరిగిపోయినట్టు కనిపించేవాడు. అలాంటి కాళ్లతో ఈ పిల్లవాడు బంతి ఆడతాడని ఎవరు అనుకుంటారు? పద్నాలుగేళ్లకే మిల్లులో చేరాడు. పని తక్కువ, నిద్ర ఎక్కువ. అయినా ఉద్యోగం నిలిచింది, మిల్లు జట్టుకు అతని ఆట కావాలి కనుక. జీవితంలో అతను నేర్చుకున్న మొదటి పాఠం ఇదేనేమో. గోలు కొడితే చాలు, మిగతా తప్పులన్నీ మాఫీ. చివరిదాకా ఆ పాఠాన్ని సరిదిద్దినవాళ్లు లేరు.

1952లో మిల్లులో పనిచేసే నయీర్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. మరుసటి ఏడు రియోలోని బొటఫోగో క్లబ్బుకు పరీక్షకు వెళ్లాడు. అతనికి ఎదురు నిలబెట్టింది ఎవరినో కాదు, బ్రెజిల్ జాతీయ జట్టులో రక్షణ ఆటగాడైన నిల్టన్ సాంతోస్‌ని. ఊరినుంచి వచ్చిన వంకర కాళ్ల కుర్రవాడు ఆ మహా ఆటగాణ్ణి పదేపదే దాటేశాడు, ఒకసారి బంతిని అతని కాళ్ల మధ్య నుంచే పోనిచ్చాడు. నిల్టన్ సాంతోస్ కోపం తెచ్చుకోలేదు. ఇతణ్ణి వెంటనే తీసుకోండి, రేపు ఇతనికి ఎదురుగా ఆడే గతి నాకు పట్టించకండి అన్న ధోరణిలో క్లబ్బు పెద్దలకు చెప్పాడు. బొటఫోగో తరఫున తొలి పోటీలోనే గరించా మూడు గోల్స్ కొట్టాడు.

అతని ఆటను చూడనివాళ్లకు చెప్పడం ఎలా? మైదానం కుడి అంచున బంతిని కాలి దగ్గర పెట్టుకుని నిలబడేవాడు. ఎదుటివాడూ ఆగేవాడు. గరించా నడుము ఎడమకు ఊగేది, బంతి కదిలేది కాదు. ఎదుటివాడు ఎడమకు దూకేవాడు. అప్పుడు కుడివైపు నుంచి ఒక్క ఉరుకు. ప్రతిసారీ కుడివైపే వెళతాడని లోకమంతటికీ తెలుసు, అయినా ఆపలేకపోయేవారు. దాటేసినవాడి కోసం ఆగి, వాడు లేచి వచ్చాక మళ్లీ దాటేసేవాడు. స్టేడియం నవ్వులతో నిండిపోయేది. బ్రెజిల్ ప్రజలు అతనికి జనానందం అనే అర్థమిచ్చే బిరుదు ఇచ్చుకున్నారు. పేలేని వాళ్లు పూజించారు, గరించాని ప్రేమించారు అని అక్కడ చెప్పుకుంటారు. అతని ఆటలో పగ లేదు. మన ఊరి బయలులో కుర్రవాళ్లు సాయంకాలం ఆడుకునే ఆటనే అతను లక్ష మంది ముందు ఆడాడు.

ఆ పసితనమే పెద్దలకు నచ్చలేదు. 1958 ప్రపంచ కప్పుకు ముందు ఇటలీలో ఫియరెంటీనా జట్టుతో జరిగిన పోటీలో రక్షకులను, గోల్‌కీపర్‌నూ దాటేసి, ఖాళీ గోలు ముందు ఆగి, ఇంకొకడు వచ్చేదాకా చూసి, వాణ్ణి కూడా తప్పించి బంతిని లోపలికి నెట్టాడు. ఇతనికి బాధ్యత లేదన్నారు. జట్టు వెంట వచ్చిన మానసిక నిపుణుడు పెట్టిన పరీక్షలోనూ మార్కులు రాలేదు. మొదటి రెండు ఆటల్లో అతణ్ణి కూర్చోబెట్టారు. జూన్ 15న గోటెన్‌బర్గ్‌లో సోవియట్ యూనియన్ మీద మూడో ఆటకు గరించాని, పదిహేడేళ్ల పేలేని కలిపి దింపారు. మొదటి మూడు నిమిషాల్లోనే గరించా కొట్టిన బంతి గోలు స్తంభానికి తగిలింది, పేలే కొట్టినది అడ్డకమ్మీకి తగిలింది, వావా గోలు కొట్టాడు. ఫైనల్లో స్వీడన్ మీద 5–2తో గెలిచినప్పుడు బ్రెజిల్ మొదటి రెండు గోల్స్ కూడా కుడి అంచునుంచి గరించా తెచ్చి ఇచ్చిన బంతులే. ఆ ఇద్దరూ కలిసి ఆడిన ఏ ఆటలోనూ బ్రెజిల్ ఓడలేదు.

1962లో చిలీలో జరిగిన ప్రపంచ కప్పు అతనిదే. రెండో ఆటలోనే పేలేకి గాయమైంది. అప్పుడు ఈ బాధ్యత లేనివాడే జట్టును మోశాడు. ఇంగ్లండ్ మీద రెండు గోల్స్, అందులో ఒకటి పొడవాటి మనుషుల మధ్య ఎగిరి తలతో కొట్టినది. ఆ ఆట మధ్యలో ఒక కుక్క మైదానంలోకి వచ్చి గరించాకి కూడా చిక్కలేదు. చివరికి ఇంగ్లండ్ ఆటగాడు గ్రీవ్స్ మోకాళ్ల మీద కూర్చుని పట్టుకుంటే అతని చొక్కా తడిపిపోయింది. తర్వాత లాటరీలో ఆ కుక్క గరించాకే వచ్చింది, ఇంటికి తీసుకెళ్లాడు. సెమీఫైనల్లో చిలీ మీద మళ్లీ రెండు గోల్స్. ఆటంతా తన్నులు తిని చివర్లో ఓపిక పోయి ఎదుటివాణ్ణి మోకాలితో పొడిచాడు. రిఫరీ బయటికి పంపాడు. ఫైనల్ ఆడనివ్వమని బ్రెజిల్ ప్రధానమంత్రే విజ్ఞప్తి పంపాడు. అనుమతి దొరికింది. జ్వరంతోనే ఆడాడు. కప్పు వచ్చింది.

అదే 1962లో, సెప్టెంబరు 4న, జకార్తాలో మన దేశం ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచింది. శిక్షకుడు హైదరాబాదు రహీం గారు. ఒంట్లో కాన్సర్ పెట్టుకునే ఆ జట్టును నడిపి, మరుసటి ఏడు జూన్‌లో పోయారు. ఆ జట్టులో మెరిసిన మన సికింద్రాబాదు తులసీదాస్ బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్లకే ఆట మానుకోవలసి వచ్చింది. బలరాం 2023 దాకా బతికారు. ఇలాంటివాళ్లను తలచుకుంటే మనసుకు బాధే గాని నిందకు చోటుండదు. గరించా విషయంలో అంత తేలిక కాదు.

చిలీనుంచి తిరిగి వచ్చేనాటికే అతని కుడి మోకాలు అరిగిపోతోంది. విశ్రాంతి ఇవ్వవలసిన క్లబ్బు సూదిమందులు పొడిచి ఆడించింది. విదేశీ యాత్రల్లో అతను దిగితేనే డబ్బు మరి. జీతం అంకె రాయని కాగితాల మీద సంతకం పెట్టే అమాయకుడు అతను. పెద్దలు తమకు నచ్చిన అంకె తర్వాత రాసుకునేవారు. దేశానికి రెండు ప్రపంచ కప్పులు తెచ్చినవాడికి తనకంటే తక్కువ ఆటగాళ్లకన్నా తక్కువ జీతం అందేది. అంత మోసపోయినవాడు ఇంట్లో మాత్రం మోసం చేశాడు. భార్య నయీర్, ఎనిమిది మంది ఆడపిల్లలు పావ్ గ్రాండెలో ఉండగా అతని రాత్రులు వేరేచోట గడిచేవి. 1960 దశకం మధ్యకల్లా వాళ్లను పూర్తిగా వదిలి గాయని ఎల్జా సొవారెస్‌తో కాపురం పెట్టాడు. జనం అతణ్ణి ఏమీ అనలేదు, ఆమెను తిట్టారు, ఆమె ఇంటి మీద రాళ్లు వేశారు. పేదరికంలో బిడ్డల్ని పోగొట్టుకుని గొంతుతో పైకి వచ్చిన మనిషి ఆమె. అతని తాగుడు మాన్పించాలని ఏళ్ల తరబడి పోరాడింది కూడా ఆమే. పెళ్లి ప్రమాణం విడిచిన కాపురాన్ని మనం సమర్థించలేం. కాని రాళ్లు ఎవరి మీద పడ్డాయో చూడకుండా ఉండలేం.

1969 ఏప్రిల్‌లో గరించా నడుపుతున్న కారు ఒక లారీకి గుద్దుకుంది. కారులో ఉన్న ఎల్జా తల్లి చనిపోయింది. ఆ తర్వాత అతను మునుపటి మనిషి కాలేదు. ఇద్దరూ ఇటలీ వెళ్లారు. అక్కడ బ్రెజిల్ కాఫీ సంస్థ తరఫున ప్రచారపు ఉద్యోగం ఇచ్చారు. తిరిగి వచ్చాక ఒలారియా అనే చిన్న క్లబ్బుకు కొన్నాళ్లు ఆడాడు. 1973 డిసెంబరులో మరకానాలో వీడ్కోలు ఆట పెడితే లక్షా ముప్పై వేల మందికి పైగా వచ్చారు. ఆ డబ్బులో కూతుళ్లకు వాటా ముట్టింది. ఆసుపత్రిలో చేరడం, మానేస్తానని మాట ఇవ్వడం, బయటికి వచ్చి మొదటి కొట్టు దగ్గరే ఆగడం మామూలైంది. కొట్టువాడు డబ్బు అడిగేవాడు కాదు. గరించాకి పోసే భాగ్యం ఎవరికి వస్తుంది! అభిమానం ఆ గ్లాసు రూపంలోనే అతని చేతికి అందేది. తాగి చేయి చేసుకున్నందుకు ఎల్జా 1977లో కొడుకును తీసుకుని వెళ్లిపోయింది.

ఇది మనకు తెలియని కథేమీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా అంగడి మీదికి వెళ్లిన ఆడవాళ్లకు ప్రపంచ కప్పులతో పనిలేదు. పొయ్యి మీద ఎసరు మరిగినా అందులో వేసేందుకు గింజలు లేని ఇళ్లు వాళ్లవి. వాళ్ల పోరాటంతో 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. మన విచారణల్లో కూడా గుడి పండుగకు డప్పు బాగా కొట్టేవాణ్ణి, టోర్నమెంటులో కప్పు తెచ్చినవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుంటాం, సంతోషంగా ఒక సీసా కూడా చేతిలో పెడతాం. వాడు రాత్రి ఏ స్థితిలో ఇల్లు చేరాడో ఇల్లాలికీ పిల్లలకే తెలుసు. గురువుల దగ్గరికి ఆ ఇల్లాలు వచ్చేసరికి చాలాసార్లు ఆలస్యమై ఉంటుంది.

1980 కార్నివాల్‌లో మంగేయిరా బృందం అతణ్ణి అలంకరించిన బండి మీద కూర్చోబెట్టి ఊరేగించింది. చుట్టూ పాటలు, తాళాలు, చప్పట్లు. మందుల మత్తులో ఉన్న గరించా చూపు ఎటో ఉంది, చేయి కూడా సరిగా ఊపలేకపోయాడు. ఆ దృశ్యం టీవీలో చూసినవాళ్లు చాలామంది అప్పుడు గాని అతని పరిస్థితి తెలుసుకోలేదు. మరో మూడేళ్లు బతికాడు.

ఎల్జాకి పుట్టిన అతని ఒక్కగానొక్క కొడుకు 1986లో తొమ్మిదేళ్ల వయసులో కారు ప్రమాదంలో పోయాడు. ఎల్జా తొంభై దాటేదాకా పాడుతూనే ఉంది. 2022లో ఆమె చనిపోయింది. తారీఖు జనవరి 20, మళ్లీ సెబస్తియాను గారి పండుగే. గరించా పోయి అప్పటికి సరిగ్గా ముప్పై తొమ్మిదేళ్లు.

రాజధాని బ్రసీలియాలో పెద్ద స్టేడియానికి అతని పేరే పెట్టారు. 2014 ప్రపంచ కప్పు కోసం దాన్ని ఎంతో ఖర్చుతో తిరిగి కట్టారు. ఇటు పావ్ గ్రాండె దగ్గరి శ్మశానంలో అతని పేరున్న రాళ్లు రెండు ఉన్నాయి. 2017లో అక్కడి అధికారులు ఆరా తీస్తే అతని అస్థికలు ఎక్కడున్నాయో తేలలేదు. వాటిని మొదటి సమాధినుంచి తీసి మరోచోట పెట్టారన్న మాట ఒకటి ఉంది, దానికి కాగితం లేదు. నవంబరు 2న మన నంద్యాలలో, ఆళ్లగడ్డలో ఇంటిల్లిపాదీ వెళ్లి పెద్దల సమాధులు కడిగి, సున్నం కొట్టి, పూలు పెడతారు. గరించా కూతుళ్లకు కొవ్వొత్తి ఏ రాయి ముందు వెలిగించాలో చెప్పగలిగినవాళ్లు ఆ ఊళ్లో లేకపోయారు.