సముద్ర వర్తకులకు అభయమిచ్చిన గణపతిదేవుడు

సముద్రపు దొంగలంటే సినిమాల్లో కంటికి గంత కట్టుకున్నవాళ్లే మనకు గుర్తొస్తారు. కానీ తెరచాప ఓడల కాలంలో వర్తకులకు ఆ దొంగల భయం ఒక్కటే కాదు. తుఫానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును ఆ తీరాన్ని ఏలే రాజులే లాక్కునేవారు. తెలుగు తీరంలో ఆ దోపిడీని మాన్పించినవాడు మన ఖమ్మం సీమను కూడా ఏలిన కాకతీయ గణపతిదేవుడు.

ఆయన తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మరణించాడు. గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యాన్ని కాపాడాడు. గణపతిదేవుడు విడుదలై 1199లో ఓరుగల్లు సింహాసనమెక్కాడు. వెలనాటిని, దివిసీమను జయించి రాజ్యాన్ని సముద్రం దాకా విస్తరించాడు.

1244-45లో చీరాల దగ్గరి మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. పూర్వపు రాజులు ఓడ పగిలిన వర్తకుల బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా తీసుకునేవారని అందులో దాచకుండా చెప్పాడు. ఇకపై నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాటిచ్చాడు. ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు. కర్పూరం, చందనం, ముత్యాలు, దంతం, మిరియాల వంటి సరుకులకు విడివిడిగా రేట్లు రాయించాడు.

ఆయన కుమార్తె రుద్రమదేవి కాలంలోనూ ఆ రేవు వెలిగింది. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో ఇక్కడి సన్నని బట్టల గురించి, వజ్రాల గురించి గొప్పగా రాశాడు.

చేతిలో అధికారం ఉండి కూడా ఆపదలో ఉన్నవాడి సొత్తు ముట్టనన్న ఈ రాజును మనం గుర్తుంచుకోవాలి.