మసి పూసిన బొమ్మ రైలు: జాన్ అలెన్ జీవితం

బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో మొదటి పని దుమ్ము దులపడం. పెట్టెలోంచి తీసిన ప్రతి బొమ్మనూ మెత్తటి గుడ్డతో తుడుస్తాం, రంగు పోయినచోట కొత్త రంగు వేస్తాం, తళతళలాడేలా చేసి మెట్ల మీద నిలబెడతాం. బొమ్మంటే మెరవాలి కదా! అమెరికాలో బొమ్మ రైళ్లు తయారుచేసే పెద్దవాళ్లలో చాలామంది కూడా 1940లలో ఇలాగే అనుకునేవారు. నెలల తరబడి కూర్చుని ఒక ఇంజిన్ తయారుచేసి, దానికి నిగనిగలాడే నల్లరంగు వేసి, వేలిముద్ర కూడా పడకుండా దాచుకునేవారు. అలాంటి ఇంజిన్ మీద కావాలని మసి, తుప్పు, సున్నపు చారలు పూసి, అందం అందులోనే ఉందని ఒక తరాన్ని ఒప్పించిన మనిషి జాన్ విట్బీ అలెన్. ఆ పని చేసినవాళ్లు ఆయన ఒక్కరే కాదు. కానీ ఆయన తీసిన ఫొటోలు పత్రికల్లో చూశాకే ఎంతోమంది బ్రష్షు చేతిలోకి తీసుకున్నారు.

ఇది పిల్లల ఆటబొమ్మల సంగతి కాదని ముందే చెప్పుకోవాలి. మోడల్ రైల్‌రోడింగ్ అనే ఈ హాబీలో నిజమైన రైల్వేను కొలతల ప్రకారం కుదించి తయారుచేస్తారు. అలెన్ ఎంచుకున్నది హెచ్‌ఓ అనే కొలత. నిజమైన వస్తువులో 87వ వంతు. 40 అడుగుల గూడ్స్ పెట్టె ఇందులో అయిదున్నర అంగుళాలు ఉంటుంది. 6 అడుగుల మనిషి అంగుళం కూడా ఉండడు.

అలెన్ 1913 జులై 2న మిస్సోరి రాష్ట్రంలోని జాప్లిన్‌లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. దానికి తోడు రుమాటిక్ జ్వరం వచ్చింది. ఆ జబ్బు తగ్గినా గుండెను వదలదు. బలహీనమైన గుండెతోనే ఆయన పెద్దవారయ్యారు. పరుగులు, బరువు పనులు ఆయనకు కుదిరేవి కావు. బొమ్మలు గీయడం, ఫొటోలు తీయడం మీద ఆసక్తి పెరిగింది. చివరికి ఫొటోగ్రఫీయే వృత్తి అయింది. లాస్ ఏంజిల్స్‌లో ఫొటో వ్యాపారం చేస్తూ, వారసత్వంగా వచ్చిన డబ్బును జాగ్రత్తగా పెట్టుబడి పెట్టి, పొదుపుగా బతికి, ముప్ఫైల వయసులోనే ఉద్యోగం అవసరం లేని స్థితికి వచ్చారు. 1946 ప్రాంతంలో కాలిఫోర్నియా తీరంలోని మాంటెరే అనే ఊరికి మారిపోయారు. గొప్ప సంపన్నుడేమీ కాదు. ఆయన దగ్గర ఉన్నదల్లా తీరిక, చూసే కన్ను.

మొదటి లేఅవుట్ ఒక మంచం కన్నా చిన్నది: సుమారు మూడున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. దానికి ఆయన పెట్టిన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో వింతగా కనబడుతుంది, కానీ పైకి చదివితే గోరీ అండ్ డిఫీటెడ్ అని వినిపిస్తుంది. అంటే నెత్తురోడుతూ ఓడిపోయిన రైల్వే! తర్వాత కట్టిన కొండల వరుసకు అకిన్‌బాక్ అని పేరు పెట్టారు. పలికి చూస్తే, అబ్బా నడుం నొప్పి అన్నట్టుంటుంది. ఊళ్ల పేర్లలోనూ ఇలాంటి చమత్కారాలే. లేఅవుట్ పెరిగి పెద్దదైనా ఆ మొదటి చిన్న బల్లను ఆయన పారేయలేదు. దాన్నే పెద్దదానిలో ఒక భాగంగా కలిపేశారు.

ఆయనకు పేరు తెచ్చిన తొలి పనుల్లో 1940ల చివర్లో కట్టిన ఒక ఇంజిన్ షెడ్డు ఉంది. స్టీమ్ ఇంజిన్లు రాత్రి నిలిచే, రిపేరు చేసే పాత చెక్క కట్టడం. దాని ఫొటోలు మోడల్ రైల్‌రోడర్ పత్రికలో వచ్చాయి. అప్పటిదాకా మోడల్ భవనమంటే తిన్నటి గోడలు, శుభ్రమైన రంగు, ఒక బోర్డు. అలెన్ షెడ్డు మాత్రం చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్నట్టు ఉంది. పొగ తిన్న చెక్క, పాతబడ్డ కప్పు, చుట్టూ పనివాళ్లు వాడి వదిలేసిన సామాను. దాన్ని చూసినవాళ్లు ముందు పొగ వాసన తగులుతుందేమో అనుకుని, తర్వాత కదా అది బొమ్మ అని గుర్తు తెచ్చుకునేది.

ఇలా ఎండా వానా దుమ్మూ తిన్నట్టు చేయడాన్ని ఆ హాబీలో వెదరింగ్ అంటారు. మనకు మసి పూసి మారేడుకాయ చేయడమంటే మోసం. వెదరింగ్‌లో మాత్రం మసి పూసేది ఉన్నదున్నట్టు చూపించడానికి. అందువల్ల ఇది కనబడినంత తేలిక కాదు. ఎక్కడపడితే అక్కడ గోధుమరంగు పులిమితే మురికి బొమ్మ అవుతుందే తప్ప పాత రైలు అవదు. ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి.

ఉదాహరణకు స్టీమ్ ఇంజిన్‌నే తీసుకోండి. పొగగొట్టం చుట్టూ, బాయిలర్ పై భాగంలో మసి పేరుకుంటుంది. నీళ్లు, ఆవిరి కారే చోట తెల్లటి చారలు కడతాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో బకెట్లకు, కుళాయిలకు పట్టే తెల్లటి పొర చూశారు కదా, అదే ఇది. నీరు ఆవిరైపోతుంది, అందులోని ఉప్పులు మిగిలిపోతాయి. చక్రాల దగ్గర నూనె, దుమ్ము కలిసి జిడ్డుగా ఉంటుంది. ఇక గూడ్స్ పెట్టెల పైకప్పు మీద పడ్డ మసిని వాన కిందికి లాగుతుంది, కాబట్టి పక్క గోడల మీద చారలు పైనుంచి కిందికే ఉండాలి. కింది భాగానికి పట్టాల పక్క మట్టి రంగు. తలుపు జరిగే చోట గీతలు. రాసిన అక్షరాలు ఎండకు వెలిసిపోయి ఉండాలి. బొగ్గు మోసే పెట్టె లోపల రంగు రాలి తుప్పు పట్టి ఉంటుంది. ఆ తుప్పులో కూడా తేడాలున్నాయి: కొత్తది నారింజ రంగు, పాతది ముదురు గోధుమ.

భవనాలదీ ఇదే పద్ధతి. కిటికీ గట్టు కింద చారలు, నీళ్ల ట్యాంకు కారే చోట పచ్చటి నాచు, మేకు దగ్గర తుప్పు, సరుకు దించే అరుగు మీద కాళ్లు పడే చోట అరిగిన చెక్క.

చేసే తీరు మాత్రం ఏ ఇంట్లోనైనా సాధ్యమే. బాగా పలచన చేసిన ముదురు రంగును మోడల్ మీద పారిస్తే అది సందుల్లోకి దిగి నీడలా నిలుస్తుంది. బ్రష్షుకున్న రంగును గుడ్డకు తుడిచేసి, దాదాపు పొడి బ్రష్షుతో పైపైన రాస్తే అంచులు మాత్రమే రంగు పట్టి, అరిగినట్టు కనిపిస్తాయి. సుద్దముక్కను అరగదీసిన పొడి దుమ్ముకు సరిపోతుంది. చివరికి మెరుపు లేకుండా చేయాలి, ఎందుకంటే మోడల్‌ను బొమ్మగా పట్టిచ్చేది మొదట ఆ మెరుపే. ఇంకో చిత్రమైన సంగతి: నల్ల ఇంజిన్‌కు పూర్తి నలుపు వేయకూడదు. దూరంనుంచి చూసే నిజమైన ఇంజిన్ మనకు కాస్త బూడిద రంగుగానే కనిపిస్తుంది. బొమ్మకు చిక్కటి నలుపు వేస్తే దాని మీద కష్టపడి పెట్టిన గొట్టాలు, రివెట్లు ఏవీ కనబడవు.

అన్నిటికన్నా కష్టమైనది ఎక్కడ ఆపాలో తెలియడం. కాజీపేటలోనో విజయవాడలోనో ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆగకుండా వెళ్లే గూడ్సు బండిని చూడండి. 50కి పైగా వ్యాగన్లు పోతాయి, పక్కపక్కన ఉన్న రెండు కూడా ఒకేలా ఉండవు. ఒకటి తుప్పుతో ఎర్రబారి ఉంటుంది, దాని వెనకాలే వర్క్‌షాపు నుంచి అప్పుడే వచ్చిన కొత్త రంగుది. అన్నిటినీ సమానంగా మురికి చేస్తే అదీ అబద్ధమే.

మన పిల్లలు స్కూల్ ఎగ్జిబిషన్‌కు చేసే మోడళ్లు గుర్తొస్తున్నాయి. రాత్రి పదకొండు గంటలకు స్టేషనరీ షాపు నుంచి తెచ్చిన థర్మాకోల్, మెరుపు కాగితం, అమ్మ చేతిరాతలో లేబుళ్లు. పిల్లాడు స్వయంగా చేసిన వంకర ఇల్లు మనకు నచ్చదు. కానీ వాడు దాని గోడ మీద వాన నీటి మరక గీసి ఉంటే, నిజంగా ఒక గోడను చూశాడన్నమాట. అలెన్ లాంటివాళ్లు మార్కులు వేస్తే దానికే వేసేవారనుకుంటాను.

1953 ప్రాంతంలో అలెన్ మాంటెరేలోనే కొండవాలున ఉన్న ఒక ఇల్లు కొన్నారు. దాని కింది గది, సుమారు 23 అడుగులు, 32 అడుగులు, ఆయన చివరి లేఅవుట్‌కు చోటైంది. 87 రెట్లు పెంచి చూసినా ఆ గది పొడవు ఒక కిలోమీటరుకు చేరదు. అందులో ఒక పర్వత ప్రాంతపు రైల్వే మొత్తం ఇమడాలి. ఆయన కొండలను నేల నుంచి దాదాపు పైకప్పు దాకా లేపారు. మనుషులు నడిచే దారి మీదుగా లోయకు అడ్డంగా వంతెనలు వేశారు. దూరంగా ఉండాల్సిన వస్తువులను మరింత చిన్నవిగా చేశారు. అద్దాలు అమర్చి ఉన్న వీధిని రెట్టింపు చేశారు. ఫొటోలు తీసేటప్పుడు కెమెరా రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఎక్కువసేపు తెరిచి ఉంచేవారు. అలా తీస్తే ముందున్న రాయీ, వెనక ఉన్న కొండా రెండూ స్పష్టంగా వస్తాయి, నిజమైన లోయను తీసినట్టే ఉంటుంది. 1950లలో వార్నీ అనే మోడల్ రైళ్ల కంపెనీ ప్రకటనలకు ఆయన ఫొటోలు వాడుకుంది. సరుకు అమ్మే కంపెనీయే దుమ్ముపట్టిన దృశ్యాలతో ప్రకటన వేయడం ఆ రోజుల్లో చిన్న మార్పు కాదు.

ఇంత వాస్తవికత మీద పట్టుదల ఉన్న మనిషి, ఆ లేఅవుట్‌లోనే ఒక ప్లాస్టిక్ స్టెగోసారస్‌ను పెట్టి, వ్యాగన్లు లాగే ఇంజిన్‌గా చూపించారు! దాని పేరు ఎమ్మా, నంబరు 13. నవ్వే హక్కు కష్టపడి సంపాదించుకున్నవారు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ రైల్వే అద్దాల పెట్టెలో పెట్టుకోవడానికి కాదు. స్నేహితులు క్రమంగా వచ్చేవారు. ఒకరు డిస్పాచర్, ఒకరు యార్డు చూసుకునేవారు, మిగతావాళ్లు రైళ్లు నడిపేవారు. ఏ వ్యాగన్ ఏ ఊరికి ఎందుకు వెళ్లాలో నిజమైన రైల్వేలో లాగే లెక్క ఉండేది. తక్కువ పట్టాల మీద వ్యాగన్లను అటూ ఇటూ జరిపి వరుసలో పెట్టే టైమ్‌సేవర్ అనే పజిల్ కూడా ఆయన రూపొందించిందే. 1972లో అది పత్రికలో వచ్చింది. ఇప్పటికీ ఆడుతున్నారు.

అప్పటికి ఆ కింది గదిలో పని మొదలై దాదాపు 20 ఏళ్లు. ఇంకా కొన్నిచోట్ల కొండలు, ఊళ్లు పూర్తి కాలేదు. 1973 జనవరి 6న గుండెపోటుతో అలెన్ చనిపోయారు. వయసు 59. పది రోజులు గడిచాక ఆ ఇంట్లో మంటలు చెలరేగాయి. లేఅవుట్‌లో చాలా భాగం కాలిపోయింది. ప్లాస్టర్ కొండలు, చెక్క వంతెనలు, ఒక్కొక్క మేకు దగ్గరా తుప్పు పెట్టిన ఇళ్లు. వాటిని ఎలా కట్టాలో తెలిసిన మనిషి అప్పటికే లేరు, కాబట్టి మళ్లీ కట్టే ప్రశ్నే రాలేదు.

మిగిలినవి ఫొటోలు, వ్యాసాలు. మోడల్ రైల్‌రోడర్ సంపాదకుడిగా పనిచేసిన లిన్ వెస్ట్‌కాట్ వాటిని పోగుచేసి ఒక పుస్తకం సిద్ధం చేశారు. అది 1981లో వెలువడింది. అప్పటికి వెస్ట్‌కాట్ కూడా కన్నుమూశారు. ఆ ఫొటోలను ముందు పెట్టుకుని, కప్పు మీద ఏ చెక్క ఎంత వెలిసిందో, మసి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసుకుంటూ, అలెన్ ఇంజిన్ షెడ్డును తమ బల్లల మీద మళ్లీ కట్టుకునేవాళ్లు నేటికీ ఉన్నారు.