తడబడే చేపని చెక్కినవాడు

మొదటి సంవత్సరం వర్క్‌షాప్ గుర్తుందా? కార్పెంటరీ సెక్షన్‌లో టీ-ల్యాప్ జాయింట్ చెయ్యమన్నారు. చెక్కముక్కని చిత్రిక పట్టడం, ట్రై స్క్వేర్ ఆనించడం, వెలుతురుకి ఎత్తి చూడటం, సందులోంచి కాస్త వెలుగు కనిపిస్తే మళ్ళీ చిత్రిక పట్టడం. ఆ సెమిస్టరంతా మనకి నేర్పింది ఒకటే: వంకర ఉండకూడదు.

ఈసారి నేను చెప్పబోయే మనిషి కూడా చెక్కతోనే ఏళ్ళు గడిపాడు. కానీ ఆయన వెతికింది వంకర కోసం. ఎంత తడబడితే ఒక పెద్ద చేప నమ్మి నోరు తెరుస్తుందో, సరిగ్గా అంత తడబాటు చెక్కకి నేర్పడం ఆయన పని. పేరు లౌరి రపాలా. ఫిన్లాండ్ జాలరి. అమెరికాలోనో కెనడాలోనో సరస్సుల పక్క ఊళ్ళలో గాలాలు, ఎరలు అమ్మే కొట్టు ఏదైనా చూడండి, ఆ ఇంటిపేరు గోడ మీద కనిపిస్తుంది. బాస్, పైక్, మస్కీ లాంటి వేటచేపల కోసం వెళ్ళేవాళ్ళ పెట్టెల్లో ఆయన చేప ఒకటైనా ఉంటుంది. ఆ చేప ఎలా పుట్టిందో తెలిస్తే మన మినీ ప్రాజెక్టుల గురించి కూడా కొంచెం ఆలోచిస్తాం.

లౌరి 1905 నవంబరు 27న ఫిన్లాండ్‌లోని సిస్మా అనే చోట పుట్టాడు. పేద కుటుంబం. చిన్నప్పుడే తల్లి ఆయన్ని తీసుకుని పక్కనున్న అసిక్కల ప్రాంతానికి వెళ్ళింది. అక్కడి చర్చి పుస్తకంలో పేర్లు రాసుకునేటప్పుడు పాస్టరుకి వీళ్ళ ఇంటిపేరు గుర్తు రాలేదట. దాంతో వాళ్ళు వచ్చిన పల్లె పేరునే ఇంటిపేరుగా రాసేశాడని ఒక కథ చెప్తారు. ఆ పల్లె పేరు రపాలా. ఫిన్నిష్‌లో రప అంటే బురద. అలా ఒక బురద ఊరి పేరు తర్వాత కాలంలో ప్రపంచమంతా తిరిగింది.

అసిక్కల పక్కనే పాయాన్నె సరస్సు. ఫిన్లాండ్‌లో రెండో పెద్ద సరస్సు అది, లోతులో మొదటిది. దక్షిణం నుంచి ఉత్తరానికి వంద కిలోమీటర్ల పైనే పొడవు. చలికాలం వస్తే పైన మంచు గట్టిపడిపోతుంది. కాబట్టి అక్కడి పేదవాడికి ఏడాదిలో రెండు ఉద్యోగాలు. చలికాలంలో అడవిలో చెట్లు కొట్టడం, మంచు కరిగాక చేపలు పట్టడం. లౌరి కూడా అంతే. పెద్ద చదువు లేదు. 1928లో ఎల్మా అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. పిల్లలు పుట్టారు. సరిగ్గా అప్పుడే ప్రపంచమంతా ఆర్థికమాంద్యం వచ్చి పడింది. కలప అమ్ముకుని బతికే దేశం కదా, కలప కొనేవాళ్ళు లేకపోతే అడవిలో కూలి కూడా లేదు. ఇక మిగిలింది సరస్సు.

ఆ రోజుల్లో చేపలు పట్టడం ఎలాగంటే, పొడుగాటి తాడుకి వందల కొద్దీ గాలాలు కట్టి, ఒక్కో గాలానికి ఒక్కో చిన్నచేపని గుచ్చి నీళ్ళలో వదలాలి. ఆ చిన్నచేపల్ని కూడా ముందు తనే పట్టుకోవాలి. తర్వాత ఒక్కొక్కటీ గుచ్చాలి. తాడు లాగాక ఎర పోయిన గాలాలన్నిటికీ మళ్ళీ గుచ్చాలి. అంటే రోజులో సగం చేపలు పట్టడానికి కాదు, చేపలు పట్టడానికి కావలసిన చేపలు పట్టడానికే పోయేది. ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, పొద్దుకి ఉన్న గంటలు తక్కువ. లౌరి ముందున్న సమస్య ఇదీ. ఎప్పటికీ అయిపోని ఎర ఒకటి ఉంటే?

కొయ్య చేపలూ రేకు చేపలూ అప్పటికే ప్రపంచంలో ఉన్నాయి. కానీ వాటిని దిగుమతి చేసుకుని కొనే డబ్బు అసిక్కల జాలరి దగ్గర ఎక్కడిది? పైగా అసలు ప్రశ్న కొనడం కాదు. ఏది చూసి పెద్ద చేప కదులుతుంది అన్నది.

ఇక్కడే ఆయన జీవితంలో ముఖ్యమైన ఘట్టం. చూడటానికి అందులో ఏమీ జరగదు. పడవలో కూర్చుని నీళ్ళలోకి చూస్తున్నాడు, అంతే. పాయాన్నెలో పైక్ ఉంటుంది. పొడుగాటి ఒళ్ళు, బాతుముక్కులాంటి మూతి, లోపలికి వంగిన పళ్ళు. మన కొర్రమీను నాచులో నక్కినట్టే ఇదీ గడ్డిలో కదలకుండా నక్కి, దగ్గరికి వచ్చినదాని మీద ఒక్కసారి దూకుతుంది. పెద్ద ట్రౌట్ చేపలూ ఉంటాయి. చిన్నచేపల గుంపు ఒకటి అలా వెళ్తుంటుంది. వందల చేపలు, అన్నీ ఒకేలా ఈదుతుంటాయి. పెద్ద చేప వచ్చి ఆ గుంపులో దూరుతుంది. లౌరి చూసింది ఏమిటంటే, అది అందినదాన్ని నోట్లో వేసుకోవడం లేదు. ప్రతిసారీ ఒకదాన్నే ఎంచుకుంటోంది. దెబ్బ తగిలిందో జబ్బు చేసిందో, మిగతావాటితో కలవకుండా కొంచెం పక్కకి ఒరుగుతూ తడబడుతూ ఈదే చేపని.

ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. వేటాడే జీవికి ప్రతి పరుగూ ఖర్చే. ఆరోగ్యంగా ఉన్నదాని వెంట పడితే అది తప్పించుకోవచ్చు. తడబడేది తప్పించుకోలేదు. చేప ఒంటి పక్కన ఒక గీతలా ఉండే అవయవం నీళ్ళలో చిన్న కదలికని కూడా పట్టేస్తుంది. కాబట్టి ఒక్క చేప లయ తప్పినా పెద్దదానికి తెలిసిపోతుంది. లౌరికి ఈ జీవశాస్త్రం ఎవరూ చెప్పలేదు. కానీ విషయం అర్థమైంది. అచ్చం చేపలా కనిపించే చేప చెయ్యడం కాదు కావలసింది, దెబ్బతిన్న చేపలా ఈదే చేప చెయ్యాలి.

1936లో మొదటిది తయారైంది. చెప్పులు కుట్టేవాళ్ళు వాడే కత్తితో బెండు చెక్కి గరుకు కాగితంతో రుద్దాడు. తళుకు కోసం చాక్లెట్ల మీద చుట్టే వెండి కాగితం అంటించాడు. పైన పూయడానికి వార్నిష్ కొనలేక పాత ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూశాడు. నల్లటి వీపు, బంగారు రంగు పక్కలు, తెల్లటి పొట్ట. మన భాషలో చెప్పాలంటే బిల్ ఆఫ్ మెటీరియల్స్ మొత్తం చెత్తబుట్టలోంచి వచ్చింది.

ఇక డిజైన్. ఒళ్ళు తేలిక, కాబట్టి పైకి తేలాలని చూస్తుంది. మూతి కింద చిన్న పలక ఒకటి ఏటవాలుగా ఉంటుంది. దారం లాగితే నీళ్ళు ఆ పలక మీద ఒత్తి తలని కిందికి నొక్కుతాయి. పైకి తోసే బలం, కిందికి నొక్కే బలం, ముందుకి లాగే దారం, ఈ మూడింటి మధ్య ఆ బెండు చేప నిలకడగా ఉండలేదు. ఎడమకి ఒరుగుతుంది, సర్దుకుంటుంది, కుడికి ఒరుగుతుంది. స్టెబిలిటీ గురించి మనం చదివేటప్పుడు ఊగిసలాటని తగ్గించాలనే చదువుతాం. ఇక్కడ ఆ ఊగిసలాటే ప్రోడక్టు. మరీ ఎక్కువైతే బోల్తా పడుతుంది, తక్కువైతే కర్రముక్కలా తిన్నగా వస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న సన్నటి జాగా కోసం ఎన్నో చెక్కాడు, ఎన్నో పారేశాడు. పడవకి కట్టి తెడ్లు వేస్తూ వెనక్కి తిరిగి చూడటమే ఆయన టెస్టింగ్.

చేపలు పడ్డాయి. చుట్టుపక్కల జాలర్లు చూశారు, అడిగారు, కొన్నారు. చెక్కే పని ఇంటిపనిలా మారింది. ఈలోగా యుద్ధం వచ్చింది. 1939 నుంచి 1944 దాకా ఫిన్లాండ్ సోవియట్ యూనియన్‌తో రెండుసార్లు పోరాడింది. ముప్ఫైల్లో ఉన్న లౌరి కూడా సైన్యంలోకి వెళ్ళాడు. తిరిగొచ్చి మళ్ళీ కత్తి పట్టాడు. కొడుకులు పెద్దవాళ్ళై పనిలో చేరారు, చేత్తో చేసే కొన్ని పనులకి మెషీన్లు తయారు చేసుకున్నారు. బెండుకి బదులు బాల్సా కలప వచ్చింది. 1952లో హెల్సింకిలో ఒలింపిక్స్ జరిగినప్పుడు వచ్చిన విదేశీయులతో కొన్ని ఎరలు దేశం దాటాయంటారు.

1959లో అమెరికాలోని మిన్నెసోటాలో రాన్ వెబర్ అనే సేల్స్‌మన్ కంట ఈ చేప పడింది. ఆయన అమ్మేది కూడా గాలాల సామానే కాబట్టి తేడా వెంటనే తెలిసింది. మినియాపొలిస్‌లో కొట్టున్న రే ఆస్ట్రమ్‌తో కలిసి లౌరికి కబురు పంపి సరుకు తెప్పించుకున్నాడు. మిన్నెసోటా, విస్కాన్సిన్ అంటే అక్కడ అడుగడుగునా సరస్సులే. పైక్ ఉంది. దాని జాతికే చెందిన ఇంకా పెద్దది మస్కీ ఉంది. దాని కోసం రోజుల తరబడి గాలం విసిరి ఉత్త చేతులతో ఇంటికెళ్ళడం అక్కడ మామూలే. నాచులోనూ మునిగిన దుంగల పక్కనా బాస్ ఉంది. ఫిన్లాండ్ పైక్ నమ్మిన తడబాటుని ఇవి కూడా నమ్మాయి.

ఆ తర్వాత జరిగినదాంట్లో అదృష్టం కూడా ఉంది, అది దాచక్కర్లేదు. 1962 ఆగస్టులో లైఫ్ పత్రిక ఈ ఎర గురించి ఒక వ్యాసం వేసింది. అదే సంచికకి ముఖచిత్రం అప్పుడే చనిపోయిన మార్లిన్ మన్రో. జనం ఎగబడి కొన్నారు. నటి కోసం కొన్నవాళ్ళు చేప గురించి కూడా చదివారు. ఆర్డర్లు లక్షల్లో వచ్చిపడ్డాయి. ఒక ఇంటివాళ్ళు చేసి పంపగలిగే లెక్కే కాదు అది. అసిక్కలలోని వాక్సి అనే ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టాల్సి వచ్చింది. 1960ల్లోనే కౌంట్‌డౌన్ అనే రకం కూడా తెచ్చారు. అది తేలదు, సెకనుకి సుమారు ఒక అడుగు చొప్పున మునుగుతుంది. చేప ఎనిమిది అడుగుల లోతులో ఉందనుకుంటే ఎనిమిది అంకెలు లెక్కపెట్టి లాగడమే. సెన్సర్ లేదు, బ్యాటరీ లేదు.

అదృష్టం తలుపు దాకా తెచ్చి వదులుతుంది. లోపల ఏముందన్నది వేరే సంగతి. అంత గిరాకీలో ఎవరైనా ఏం చేస్తారు? వెయ్యింటిలో పది తీసి టెస్ట్ చేసి మిగతావి పంపించేస్తారు. క్వాలిటీ కంట్రోల్ పేపర్లో మనం కూడా శాంప్లింగ్ అనే రాస్తాం. కానీ బాల్సా ఒక చెట్టు. ఏ రెండు ముక్కలూ ఒకే బరువుండవు, ఒకే సాంద్రత ఉండదు. ఒకే మెషీన్ మీద ఒకే కొలతకి కోసినా ఒకటి తడబడుతుంది, ఇంకోటి తిన్నగా పోతుంది. కాబట్టి ప్రతి చేపనీ నీళ్ళ తొట్టిలో చేత్తో లాగి చూడటం ఆ ఫ్యాక్టరీ నియమమైంది. కుడికి లాగుతుంటే మూతి దగ్గరున్న తీగ కొక్కేన్ని వెంట్రుకవాసి ఎడమకి వంచాలి, మళ్ళీ లాగి చూడాలి. తెడ్లు వేస్తూ వెనక్కి తిరిగి చూసిన లౌరి అలవాటు అలా ఒక ఫ్యాక్టరీ పద్ధతిగా నిలిచింది.

ఇంకో మాట. లౌరికి చేపలు పట్టడం ఆట కాదు. పడకపోతే ఆ పూట ఇంట్లో ఇబ్బందే. ఆయన ఎర కొన్న అమెరికా వాళ్ళలో చాలామందికి అది సెలవురోజు సరదా. ఇప్పుడైతే మస్కీని పట్టినవాళ్ళు కొలత చూసుకుని, ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తారు. ఆకలి కోసం పుట్టిన పనిముట్టు ఆటవస్తువైంది. కానీ ఆటలో కూడా అది పనిచేస్తోందంటే కారణం, దాన్ని చేసినప్పుడు అది పనిచెయ్యకపోతే కుదరని పరిస్థితి.

లౌరి రపాలా 1974 అక్టోబరు 20న చనిపోయాడు. అరవై ఎనిమిదేళ్ళు. అప్పటికి ఆయన ఎర సముద్రాల అవతల సరస్సుల్లో కూడా ఈదుతోంది.

మనం ప్రాజెక్టు అనగానే ముందు ల్యాప్‌టాప్ తెరుస్తాం. ఇదివరకు ఎవరేం చేశారో చూసి అందులో కొంచెం మార్చి, రివ్యూకి ఒక్కసారి పనిచేస్తే చాలనుకుంటాం. ఆయన ముందు నీళ్ళలోకి చూశాడు. గుంపులో వంద చేపలుంటే ఏది తిన్నారో, ఎందుకు దాన్నే తిన్నారో చూశాడు. తర్వాతే కత్తి తీశాడు. చేసినదాన్ని ఒక్కటి కూడా చూడకుండా బయటికి పంపలేదు. వర్క్‌షాప్‌లో తిన్నగా వస్తే మనకి మార్కులు. ఆయన తొట్టిలో మాత్రం తిన్నగా వెళ్ళిందా, అది ఫెయిలే.