తన పేరునే వాద్యానికి ఇచ్చిన సాక్స్

డప్పుకు మొదటిసారి తోలు బిగించినవాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. సన్నాయి ఎవరు చేశారో కూడా మనకు తెలియదు. సాక్సోఫోన్ సంగతి అలా కాదు. దాన్ని తయారుచేసినవాడి పేరు ఆ వాద్యం పేరులోనే ఉంది. ఆయనే అడాల్ఫ్ సాక్స్. మన హాస్టల్ మిత్రుల్లో చాలామంది ఇళ్లల్లో డప్పో, సన్నాయో, బ్యాండు మేళమో ఉంది కాబట్టి ఈయన కథ మన పత్రికలో ఉండాలనిపించింది. మా నాన్న పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు, అదొక కారణం.

సాక్స్ 1814 నవంబరు 6న, ఇప్పటి బెల్జియంలో ఉన్న డినాన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి వాద్యాలు తయారుచేసే పనివాడు. పదకొండుమంది సంతానంలో సాక్సే పెద్దవాడు. చిన్నతనమంతా గండాలే. మూడంతస్తుల ఎత్తునుంచి రాతి మీద పడ్డాడని, యాసిడ్ నీళ్లు పాలనుకొని తాగాడని, గుండుసూది మింగాడని, మందుగుండు పేలి ఒళ్లు కాల్చుకున్నాడని, ఏట్లో కొట్టుకుపోతుంటే ఎవరో బయటకు లాగారని ఆయన జీవితచరిత్రల్లో రాశారు. ఇరుగుపొరుగు వాళ్లు అతణ్ణి దయ్యం పిల్లాడని పిలిచేవారట. వీటిలో సగమే నిజమనుకున్నా, బతికి బట్టకట్టడమే గొప్ప.

తండ్రి కార్ఖానాలోనే పని నేర్చుకున్నాడు, బ్రస్సెల్స్‌లో సంగీతమూ చదివాడు. ఈ రెండూ ఒకే మనిషిలో కలవడం వల్లనే మిగతాదంతా జరిగిందని నా అభిప్రాయం. వాయించేవాడికి వాద్యం ఎక్కడ మొరాయిస్తుందో తెలుసు, చేసేవాడికి రంధ్రం ఎక్కడ వేయాలో తెలుసు. సాక్స్‌కు రెండూ తెలుసు. ఆ రోజుల్లో బాస్ క్లారినెట్ సరిగా శ్రుతిలో పలికేది కాదు. వేళ్లు అందే చోట కాకుండా శ్రుతి కోరిన చోట రంధ్రాలు వేసి, వాటిని మూతలతో మూసే ఏర్పాటు చేసి, 1838లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి ఇరవై నాలుగేళ్లు కూడా సరిగా నిండలేదు.

1841 బ్రస్సెల్స్ ప్రదర్శనలో ఆయన పనికి బంగారు పతకం రావలసింది. మరీ చిన్నవాడు, ఇప్పుడే ఇచ్చేస్తే రేపు ఇవ్వడానికేం మిగలదని న్యాయనిర్ణేతలు ఇవ్వలేదు. వాళ్లిస్తామన్న తక్కువ పతకాన్ని ఆయన తిరస్కరించాడు. పొగరు అన్నవాళ్లు ఉండొచ్చు. నాకైతే ఆ పని నచ్చింది. మరుసటి ఏడాది, చేతిలో డబ్బు పెద్దగా లేకుండానే పారిస్ చేరాడు. అక్కడ స్వరకర్త బెర్లియోజ్ ఒక పత్రికలో ఆయన వాద్యాల గురించి మెచ్చుకొని రాశాడు. 1846లో సాక్సోఫోన్‌కు పేటెంటు వచ్చింది.

ఇంతకీ అందులో కొత్తదనం ఏమిటి? ఇత్తడితో చేసినదే అయినా బాకాల జాతి కాదు. నోట పెట్టుకునే మౌత్‌పీస్‌కు పలుచని వెదురులాంటి రెల్లు పుల్లతో చేసిన రీడు ఉంటుంది. దాన్ని లిగేచర్ అనే పట్టీ బిగించి పట్టుకుంటుంది. ఊదితే అదిరేది ఆ రీడే. పలుచని రీడైతే సులువుగా పలుకుతుంది గాని పై స్వరాల్లో కీచుమంటుంది. మందమైనదైతే ఊపిరి ఎక్కువ కావాలి, దానికి తగ్గ నిండు ధ్వని వస్తుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకు మెత్తని రీడు ఇస్తారు. మౌత్‌పీస్ లోపలి గది పెద్దదైతే ధ్వని మెత్తగా, ఇరుకైతే పదునుగా ఉంటుంది. సాక్స్ చేసినది లోపల గుండ్రంగా, విశాలంగా ఉండేది.

అసలు కీలకం గొట్టంలో ఉంది. క్లారినెట్ గొట్టం దాదాపు మొదట్నుంచీ చివరిదాకా ఒకే లావు. సాక్సోఫోన్ గొట్టం మెడ దగ్గర సన్నగా మొదలై గంట దాకా వెడల్పవుతూ పోతుంది, మన సన్నాయి లాగానే. ఈ తేడా ఫలితం పెద్దది. సాక్సోఫోన్‌లో బొటనవేలితో ఒక మీట నొక్కితే అవే వేళ్లతో అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. సా పట్టుకుంటే పై సా వస్తుంది. క్లారినెట్‌లో సా పట్టుకొని మీట నొక్కితే పై పంచమం వస్తుంది, కాబట్టి రెండు స్థాయిలకూ రెండు రకాల వేళ్లు నేర్చుకోవాలి. మా నాన్న దగ్గర కూర్చొని చూసినవాణ్ణి, ఆ కష్టం ఎంతో నాకు తెలుసు. వెడల్పయ్యే గొట్టానికి రంధ్రాలూ పెద్దవే కావాలి. వేలు మూయలేదు కనుక తోలు అంటించిన మూతలు. వాటిలో ఒక్కటి కాస్త గాలి వదిలినా కింది స్వరాలు పలకవు. చాలాసార్లు వాయించేవాడి తప్పనుకునేది ఆ తోలు తప్పే.

1845లో పారిస్ షాం ద మార్స్ మైదానంలో పాత వాద్యాల బ్యాండుకూ సాక్స్ వాద్యాల బ్యాండుకూ పోటీ పెట్టారు. సాక్స్ గెలిచాడు, సైన్యం ఆర్డర్లు వచ్చాయి. అక్కణ్నుంచే పగ మొదలైంది. పోటీ తయారీదారులు కలిసి ఆయన పేటెంట్లు రద్దు చేయాలని కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. చాలావాటిలో గెలిచినా డబ్బు మిగల్లేదు. 1852లో దివాలా తీశాడు. పెదవి మీద క్యాన్సర్ పుండు వచ్చింది, ఊది బతికే మనిషికి! దానినుంచి కోలుకున్నాడు. 1857 నుంచి పారిస్ కన్సర్వేటరీలో సైనిక విద్యార్థులకు సాక్సోఫోన్ నేర్పాడు. 1870 యుద్ధంతో ఆ తరగతి మూతపడింది. 1873లో, 1877లో మళ్లీ దివాలా.

1894 ఫిబ్రవరి 7న పేదరికంలోనే పారిస్‌లో చనిపోయాడు. తన వాద్యం అమెరికాలో జాజ్‌కు గొంతు అవుతుందని ఆయనకు తెలియదు. మంగళూరు ప్రాంతానికి చెందిన కద్రి గోపాల్‌నాథ్ (1949-2019) దానిపై గమకాలు పలికించి, త్యాగరాజు తెలుగు కృతులను కచేరీల్లో వాయిస్తాడనీ ఊహించి ఉండడు. డినాన్‌లో ఇప్పుడు ఏటి మీది వంతెనకు రెండు పక్కలా రంగురంగుల సాక్సోఫోన్ బొమ్మలు నిలబెట్టారు. కిందున్నది చిన్నప్పుడు ఆయన కొట్టుకుపోబోయిన ఊరి ఏరే.