సర్దార్ పటేల్ నేర్పిన పాఠం



సర్వీసులో ఉండగా ప్రవర్తనా నియమావళిపై శిక్షణ తరగతులకు నేను చాలాసార్లు హాజరయ్యాను. నియమాలు చదివి వినిపించేవారు. హాజరు పట్టీలో సంతకాలు పెట్టి వచ్చేవాళ్లం. ఉద్యోగికి నిజాయితీ వంటబట్టేది ఎలా అన్న ప్రశ్నకు జవాబు నాకు సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జీవితంలో కనిపించింది.

ఆయన 1875 అక్టోబరు 31న గుజరాత్‌లోని నడియాద్‌లో జన్మించారు. ఇంగ్లండులో బారిస్టరు చదివి వచ్చి అహ్మదాబాదులో ప్రాక్టీసు పెట్టారు. 1917లో అక్కడి మునిసిపాలిటీకి ఎన్నికై, 1924 నుంచి 1928 వరకు అధ్యక్షులుగా పనిచేశారు. ఫైళ్లు, బడ్జెట్లు, సిబ్బంది సంగతులు ఆయనకు దగ్గరగా తెలుసు. 1928లో బార్డోలీ రైతుల శిస్తు పోరాటాన్ని గెలిపించి సర్దార్ అనిపించుకున్నారు.

1942లో ఆయనను జైలులో పెట్టింది ఆనాటి ప్రభుత్వ యంత్రాంగమే. 1946లో హోంశాఖ చేపట్టాక అదే ఐ.సి.ఎస్. అధికారులు ఆయన కింద పనిచేశారు. పటేల్ వారిపై కక్ష పెట్టుకోలేదు, పని అప్పగించారు.

1947 ఏప్రిల్ 21న ఢిల్లీ మెట్కాఫ్ హౌస్‌లో కొత్త సర్వీసు మొదటి తరగతి అభ్యర్థులతో ఆయన మాట్లాడారు. అవినీతికి లొంగవద్దని, రాజకీయాల్లో తలదూర్చవద్దని, నిష్పక్షపాతంగా ఉండాలని, ప్రతిఫలం ఆశించక ప్రజలకు సేవ చేయాలని బోధించారు. ఆ రోజునే 2006 నుంచి సివిల్ సర్వీసుల దినంగా జరుపుతున్నారు.

బోధన అంతటితో ఆగలేదు. 1949 అక్టోబరులో, పాత అధికారులకు ఇచ్చిన హామీలను కొందరు సభ్యులు రాజ్యాంగ సభలో ప్రశ్నించినప్పుడు, పటేల్ ఆ అధికారుల పక్షాన నిలబడ్డారు. తన కార్యదర్శులు తన అభిప్రాయానికి విరుద్ధంగానైనా నిర్భయంగా నోటు రాయవచ్చని చెప్పారు. మంత్రికి కోపం వస్తుందని నిజం దాచే అధికారి వల్ల ఉపయోగం లేదన్నది ఆయన నమ్మకం. 1950 డిసెంబరు 15న బొంబాయిలో కన్నుమూశారు.

మన ఆఫీసు బతుకులో అసలు చిక్కు ఇక్కడే ఉంది. లంచం తప్పని తెలియని గుమాస్తా లేడు. పైఅధికారి చెప్పినట్లు కాక, రూలు ప్రకారం నోటు పెడితే బదిలీ అవుతుందేమోనన్న భయమే అతడిని తప్పుదారి పట్టిస్తుంది. అందుచేత నీతి శిక్షణ మొదట పైఅధికారికి ఇవ్వాలి. కింది ఉద్యోగికి నియమాలు వల్లించడం కన్నా, నిజమైన ఫైలు లాంటిది ముందుంచి, ఈ ఒత్తిడిలో నీవైతే ఏమి రాస్తావని అడగడం మేలు. నిజం రాసినవాడికి రక్షణ ఉందని అతడు కళ్లారా చూడాలి. కొత్తవారికి నాలుగు మాటలు చెప్పమని మనల్ని పిలిచినప్పుడు, సర్దార్ కథలో ఈ భాగాన్ని తప్పక చెప్పుదాం.