దీర్ఘవ్యాధులతో పోరాడిన యల్లాప్రగడ సుబ్బారావు గారు

ఈ కరవు సీమలో మేము పూర్వం వానను గురించి, వేరుశనగ పంటను గురించి మాట్లాడుకునేవారము. ఇప్పుడు ఆదివారం ఆరాధన ముగిసి చెట్టు నీడకు చేరగానే షుగరు ఎంత, బి.పి. ఎంత అన్న మాటలే ముందు వస్తున్నాయి. కలరా వచ్చి పోయే జబ్బు. ఇవి వచ్చి ఇంట్లోనే కాపురం పెట్టేవి. అందుచేత, మొండి జబ్బుల మీదనే ఆయుష్షు ధారపోసిన ఒక తెలుగు వైద్యుని జీవితాన్ని ఈ సంచికలో జ్ఞాపకం చేసుకోదలచాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. బీద కుటుంబం. మెట్రిక్యులేషను మూడవసారి గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను తొడిగినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే తెగని విరేచనాల జబ్బుతో ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. అదే జబ్బు ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బ్రతికి బయటపడ్డారు.

1922లో భార్య శేషగిరి గారిని విడిచి అమెరికాలోని బోస్టను చేరారు. మరల రాలేదు. ఆయన ఘనతను చెప్పుకొనేటప్పుడు ఆ ఇల్లాలి ఎదురుచూపును మరచిపోవడం న్యాయం కాదని మా అభిప్రాయం.

హార్వర్డులో ఫిస్కే గారితో కలిసి, రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. మూత్రపిండాలు చెడినవారికి భాస్వరం పరీక్ష నేటికీ తప్పదు. 1940లో లెడర్లే కంపెనీ పరిశోధనశాలకు మారిన తరువాత ఫలితాలు వరుసగా వచ్చాయి. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు అది మందయింది. మన గర్భిణీ స్త్రీలు మింగే ఐరను మాత్రలో ఉన్నదీ అదే. 1947లో బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని కొద్దిగా మార్చి చేసిన మందులతో పిల్లల రక్త క్యాన్సరుకు చికిత్స మొదలైంది. వాటిలో మెథోట్రెక్సేటును నేడు కీళ్ళవాతానికి తక్కువ మోతాదులో వాడుతున్నారు. అది వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. దాని చెరుపు తగ్గించడానికి తోడుగా ఇచ్చేది మళ్ళీ ఫోలిక్ ఆమ్లమే!

మాలో చూడబోతే, తల తిరగడం తగ్గగానే బి.పి. మాత్ర మానేసేవారే ఎక్కువ. సంగటి మంచిదే గాని, పక్కన ఊరుబిండిలో ఉప్పు తగ్గదు. పొలం పని పోయింది, నడకా పోయింది. డాక్టరు గారు అడిగితే అన్నీ పాటిస్తున్నామంటాము.

సుబ్బారావు గారు రాత్రింబవళ్ళు పనిచేసిన మనిషి. ఇందరి దీర్ఘవ్యాధులకు మందు వెదకిన ఆయన, 1948 ఆగస్టులో న్యూయార్కులో, నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు.